ఎత్తుకుపోయిన కుక్కను వెతుక్కుంటూ



ఇంట్లో పెంచుకున్న కుక్కను ఎవరో ఎత్తుకుపోతే, దాన్ని వెతుక్కునే మనుషుల గురించి ఈ పూట మాట్లాడదామనుకుంటున్నాను. తప్పిపోయిన కుక్క సంగతి వేరు. దారి తప్పిన కుక్క తనూ మనల్ని వెతుకుతూనే ఉంటుంది. వాసన పట్టుకుని, తెలిసిన మలుపు పట్టుకుని, ఏ తెల్లవారుజామునో గేటు దగ్గరికి వచ్చి నిలబడే అవకాశం దానికి ఉంది. ఎత్తుకుపోయిన కుక్కకు ఆ అవకాశం లేదు. ఎక్కడో ఏ గొళ్ళెం వెనకో తాడేసి కట్టేసి ఉంటారు. రావాలని ఉన్నా రాలేదు. వెతకడమంతా మన మీదే పడుతుంది.

ఇలా వెతికినవాళ్ళు లోకంలో ఎందరో. ఆ వెతుకులాటను ఏ రోజుకారోజు ఉత్తరాల్లో రాసిపెట్టిన మనిషి మాత్రం నాకు తెలిసి ఒకరున్నారు. ఇంగ్లీషు కవయిత్రి ఎలిజబెత్ బారెట్. తర్వాతి రోజుల్లో ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్‌గా ప్రపంచానికి తెలిసినావిడ.

ఆమె 1806లో పుట్టింది. వయసులోకి వచ్చేనాటికే అనారోగ్యం మంచానికి కట్టిపడేసింది. గాలి మార్పు కోసం టార్కీ అనే సముద్రతీర పట్టణంలో ఉంటున్నప్పుడు, 1840 జూలైలో, ఆమె తమ్ముడు ఎడ్వర్డ్ పడవ మునిగి చనిపోయాడు. నా దగ్గరే ఉండమని ఆమే పట్టుబట్టి ఆపుకున్న తమ్ముడు. ఇక ఆ మనిషి పరిస్థితి ఎలా ఉంటుందో నేను వర్ణించనక్కర్లేదు. అప్పుడు మేరీ రసెల్ మిట్‌ఫర్డ్ అనే రచయిత్రి, ఆమె స్నేహితురాలు, తన ఇంట పుట్టిన ఒక స్పానియల్‌ను ఆమెకు కానుకగా పంపింది. పొడుగు చెవులు, బంగారు గోధుమరంగు బొచ్చు. పేరు ఫ్లష్. 1841 మొదట్లో అది ఆమె గదిలో అడుగుపెట్టింది. తర్వాత లండన్‌లో, వింపోల్ స్ట్రీట్ 50వ నంబరు ఇంట్లో, మేడ మీది గదిలో ఏళ్ళ తరబడి ఆ ఇద్దరిదీ ఒకే కాపురం. ఆమె పడుకున్న సోఫా పాదాల దగ్గర అది. అది కదిలితే ఆమెకు తెలిసేది, ఆమె ఏడిస్తే దానికి తెలిసేది.

ఆ ఫ్లష్‌ను దొంగలు మూడుసార్లు ఎత్తుకుపోయారు. 1843లో ఒకసారి, 1844లో ఒకసారి, 1846లో మరోసారి. మూడుసార్లూ డబ్బు కట్టే విడిపించుకున్నారు. మొత్తం మీద ఆమెకు 20 పౌన్ల దాకా ఖర్చయింది.

మూడోసారి ఏం జరిగిందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ బాధలో ఉన్న ప్రతి మనిషీ ఎదుర్కొనే ప్రశ్నలన్నీ ఆ కొద్ది రోజుల్లోనే ఉన్నాయి.

1846 సెప్టెంబరు 1, మంగళవారం. ఎలిజబెత్, చెల్లెలు అరబెల్ కలిసి గుర్రపు బండిలో వేర్ స్ట్రీట్‌కు ఏవో కొనుక్కోవడానికి వెళ్ళారు. ఫ్లష్ వాళ్ళ వెంటే దుకాణంలోకి వెళ్ళింది, వెంటే బయటికి వచ్చింది. బండి ఎక్కుతూ ఆమె వెనక్కి తిరిగి పిలిచింది. లేదు. బండి చక్రాల పక్కనే ఉన్న కుక్క, ఆమె మెట్టు మీద కాలు పెట్టే లోపల మాయమైపోయింది. పగలు, జనం తిరిగే వీధిలో, యజమాని చేతికి అందేంత దూరంలో. కుక్కల దొంగతనం అప్పుడూ అలాగే జరిగేది, ఇప్పుడూ అలాగే జరుగుతోంది. గట్టిగా ఊపిరి తీసుకునేంత సేపు చాలు వాళ్ళకి.

ఎవరు తీశారో ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఆ రోజుల్లో లండన్‌లో కుక్కల దొంగలకు ఒక ముఠాయే ఉండేది. ‘ఫ్యాన్సీ’ అని పిలిచేవారు. దానికి పెద్ద టేలర్ అనే అతను. అతని ఇల్లు షోర్డిచ్‌లో ఉందని బాధితులందరికీ తెలుసు. సంపన్నుల వీధుల్లో ఏ ఇంట్లో ఏ కుక్క ఉంది, ఆ ఇంటివాళ్ళకు దాని మీద ఎంత ప్రేమ ఉంది, ఎంత అడిగితే ఎంత ఇస్తారు, ఇదంతా వాళ్ళు ముందే లెక్కగట్టుకునేవారు. ఫ్లష్ విషయంలో ముఠా కూర్చుని మాట్లాడుకుని తేల్చిన మొత్తం ఆరు గినీలు. బజారులో కుక్క ఖరీదును బట్టి కట్టిన మొత్తం కాదది. ఆమె ప్రాణం దాని మీద ఎంతగా కొట్టుకుంటోందో దాన్ని బట్టి కట్టిన మొత్తం.

ఆమె తమ్ముడు హెన్రీ టేలర్ దగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. ఈలోగా సంగతి తండ్రి చెవిన పడింది. పైసా ఇవ్వడానికి వీల్లేదన్నాడు తండ్రి. ఆ ఇంట్లో ఆయన మాటే శాసనం. ఆమె కవి రాబర్ట్ బ్రౌనింగ్‌కు ఉత్తరం రాసింది. అప్పటికి వాళ్ళిద్దరూ రహస్యంగా పెళ్ళి నిశ్చయించుకుని ఉన్నారు. తన వైపు నిలబడతాడనుకున్న ఆ మనిషి కూడా ఇవ్వవద్దనే రాశాడు. దొంగలకు డబ్బు కట్టడమంటే, రేపు మరో ఇంటి కుక్కను ఎత్తుకుపోవడానికి మనమే పెట్టుబడి పెట్టడం, అలా కట్టే స్తోమత లేని పేదవాడి గతేమిటి, అన్నది అతని వాదం. తనైతే ఆ టేలర్ ముఖం మీదే చెబుతాడట: నీకు చిల్లిగవ్వ ఇవ్వను, నా జీవితమంతా నిన్నూ నీ ముఠానూ పట్టించడానికే వెచ్చిస్తాను, అని.

న్యాయంగా చూస్తే రాబర్ట్ మాటలో తప్పేమీ లేదు. ఆ వారమంతా ఆ గదిలో ఎలిజబెత్ అనుభవించింది మాత్రం వేరే. బేరమాడినవాళ్ళ ఇంటికి కుక్క తల నరికి కాగితంలో చుట్టి పంపారన్న కథలు అప్పటికే ఊళ్ళో ఉన్నాయి. తన ఫ్లష్‌కూ అదే గతి పడుతుందేమోనన్న భయం ఆమెను వదల్లేదు. ఆమె రాబర్ట్‌కు ఒక ప్రశ్న వేసింది. రేపు ఇటలీ కొండల్లో బందిపోట్లు నన్ను ఎత్తుకుపోయి, డబ్బు పంపకపోతే చెవులు కోసి పంపిస్తామంటే, అప్పుడూ నువ్వు సిద్ధాంతమే చెబుతావా, అని. రాబర్ట్ నిజాయితీగానే జవాబిచ్చాడు: చేతిలో ఉన్నదంతా ఇచ్చి నిన్ను విడిపించుకుంటాను, ఆ తర్వాత వాళ్ళ వెంట పడతాను, అని.

ఆమె అంతటితో వాదన ఆపింది. బండి పిలిపించింది. పనిమనిషి విల్సన్‌ను తోడు తీసుకుని, ఇంట్లో ఎవరు వద్దన్నా వినకుండా, తనే షోర్డిచ్‌కు బయల్దేరింది. ఏళ్ళ తరబడి ఒక్క గదిలో గడిపిన మనిషి, గట్టిగా నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి, తన జీవితంలో ఎన్నడూ చూడని పేదవాడల్లోకి, దొంగల నాయకుడి ఇంటికి వెళ్ళింది. ఒక సారాకొట్టు ముందు బండివాడు దారి అడిగాడు. మనుషులు గుమిగూడారు. కుక్క గురించే వచ్చారా, టేలర్ కోసమే వచ్చారా, అని వాళ్ళే అడిగారు. ఆ వాడకు ఇలాంటి ఆడవాళ్ళు రావడం కొత్త కాదన్నమాట. విల్సన్ భయంతో వణికిపోయింది. టేలర్ ఇంట్లో లేడు. అతని భార్య బయటికి వచ్చి, లోపలికి వచ్చి కూర్చోమంది. ఎలిజబెత్ బండి దిగలేదు. మాట నిలబెట్టుకోమని మీ ఆయనతో చెప్పండి, అని చెప్పి తిరిగి వచ్చింది.

టేలర్ వింపోల్ స్ట్రీట్‌కు వచ్చాడు. ఆమె డబ్బు కిందికి పంపింది. పని పూర్తయ్యే సమయానికి మరో తమ్ముడు ఆల్ఫ్రెడ్ ఎదురుపడి, దొంగవనీ అబద్ధాలకోరువనీ అతన్ని తిట్టాడు. టేలర్ కోపంతో, ఇక ఆ కుక్కను మీరు చూడరు, అని ఒట్టేసి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ షోర్డిచ్ వెళతానని మెట్లు దిగింది. ఇంట్లో అందరూ పిచ్చిదానివా అన్నారు. చివరికి సెప్టిమస్ అనే తమ్ముడు తను వెళ్ళి టేలర్‌ను శాంతింపజేసి బేరం మళ్ళీ కుదుర్చుకుని వచ్చాడు. ఆ రాత్రి ఎనిమిది గంటలకు ఫ్లష్ ఇంటికి చేరింది. మురికి పట్టి, చిక్కిపోయి ఉంది. మేడ మీదికి పరుగెత్తి, తన ఊదారంగు గిన్నె దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. మూడుసార్లు నింపితే మూడుసార్లూ ఖాళీ చేసింది. తనను చూసి ఎగిరి గంతేస్తుందనుకున్న ఆమె దగ్గరికి వెంటనే రాలేదు కూడా. ఎవరైనా జాలిగా పలకరిస్తే తల ఎత్తి మూలిగేది.

ఈ చివరి సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలని నా మనవి. తిరిగొచ్చిన కుక్క పోయినప్పటి కుక్కలా ఉండదు. ఏ చెయ్యి కొట్టిందో, ఏ చెయ్యి పెట్టిందో తేల్చుకోలేని కొన్ని రోజులు దానికి పడతాయి. మనల్ని మరిచిపోయిందేమోనని ఆ సమయంలో బాధపడకూడదు. దాని పక్కన ఊరికే కూర్చుంటే చాలు.

ఆ తర్వాత వారం తిరిగేలోపలే, సెప్టెంబరు 12న, ఎలిజబెత్ ఇంట్లో చెప్పకుండా మేరిలెబోన్ చర్చిలో రాబర్ట్‌ను పెళ్ళి చేసుకుంది. 19న ఇటలీకి బయల్దేరింది. ఫ్లష్ కూడా వెంట ఉంది. తండ్రి మాట కాదని ఆ ఇంటి గడప దాటడం ఆమె షోర్డిచ్ ప్రయాణంతోనే మొదలుపెట్టిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. వర్జీనియా వుల్ఫ్ 1933లో ఈ కథనంతా కుక్క వైపు నుంచి ఒక పుస్తకంగా రాసింది. మూడు దొంగతనాలనూ ఒకటిగా కలిపేసిందిగానీ, ఆ చీకటి గదిలో దాహంతో పడి ఉన్న కుక్క మనసు ఎలా ఉంటుందో ఊహించడానికి ఆమె పడిన శ్రమ ఆ పుస్తకాన్ని నిలబెట్టింది.

ఇంత బహిరంగంగా దొంగతనం చేస్తే పోలీసులు ఏం చేస్తున్నారు, అని మీరు అడగవచ్చు. ఇంగ్లండు పాత చట్టం ప్రకారం కుక్క అసలు దొంగతనానికి పనికొచ్చే ఆస్తి కాదు. గుర్రాన్ని దొంగిలిస్తే నేరం, గొర్రెను దొంగిలిస్తే నేరం. కుక్క తిండికి పనికిరాదు కాబట్టి ఆ లెక్కలోకి రాదు. దాని మెడ బెల్టు పోయిందంటే పెద్ద నేరం. ఆ బెల్టు కట్టుకున్న ప్రాణి పోయిందంటే చిన్నపాటి తప్పు. అందుకే తెలివైన దొంగలు బెల్టు విప్పి అక్కడే పారేసి కుక్కను తీసుకుపోయేవారు. బాధితుల గోడు ఎక్కువై, 1844లో పార్లమెంటు ఒక విచారణ సంఘం వేసింది. 1845లో కుక్కల దొంగతనం మీద ప్రత్యేక చట్టం వచ్చింది. దొంగిలించిన కుక్కను తెచ్చిస్తానని డబ్బు గుంజడం కూడా అందులో నేరమే. అంటే ఫ్లష్‌ను మూడోసారి ఎత్తుకుపోయేనాటికి ఆ చట్టం అమల్లోనే ఉంది. అయినా ఆ ఇంటివాళ్ళు చట్టం గడప తొక్కలేదు, దొంగ గడపే తొక్కారు. ఫిర్యాదు చేస్తే కుక్క ప్రాణం పోతుందన్న భయం అలాంటిది.

ఇక మన చట్టం సంగతికి వద్దాం. 1862 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతిలో, దొంగతనం అంటే ఏమిటో చెప్పే 378వ సెక్షన్ కింద కొన్ని ఉదాహరణలు ఇచ్చారు. మొదటిది చెట్టు నరికే ఉదాహరణ. రెండోదే కుక్కది. ఒక మనిషి జేబులో కుక్కకు ఇష్టమైన ఎర పెట్టుకుని, దాని ఆశతో వేరొకరి కుక్క తన వెంట పడేట్టు చేశాడనుకోండి. అతని ఉద్దేశం దొంగబుద్ధి అయితే, ఆ కుక్క అతని వెనక మొదటి అడుగు వేసిన క్షణంలోనే దొంగతనం జరిగిపోయినట్టు. తాడు కట్టనక్కర్లేదు, బండి ఎక్కించనక్కర్లేదు. ఇప్పుడు ఆ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ ఆ ఉదాహరణ అలాగే ఉంది. లండన్ కుక్కల దొంగలు కాల్చిన కాలేయం ముక్కలు జేబులో వేసుకుని తిరిగేవారు. చట్టం రాసినవాళ్ళు ఆ కాలపు మనుషులే కాబట్టి ఈ విద్య వాళ్ళకు బాగా తెలిసే ఉంటుంది.

అయితే కొత్త సంహితలో ఒక మెలిక ఉంది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దొంగ మొదటిసారి దొరికినవాడై, సొత్తు తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవ మాత్రమే. పైగా 5,000 లోపు దొంగతనమైతే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. చిల్లర దొంగతనాల విషయంలో ఇది మంచి ఏర్పాటే కావచ్చు. వీధిలో వానకు తడుస్తుంటే తెచ్చి, పాలు పట్టి, పదేళ్ళు పెంచుకున్న దేశీ కుక్క విలువ ఎంతని రాస్తారు? దానికి కొన్న బిల్లు లేదు. బజారులో దానికి ధర లేదు. ఖరీదైన జాతి కుక్క పోతే దర్యాప్తు, ఇంటి కుక్క పోతే ఓదార్పు. ఇది నాకు సరిగా కనిపించడం లేదు, గట్టిగానే చెబుతున్నాను.

బ్రిటన్‌లో ఈ మధ్య ఇదే ప్రశ్న వచ్చింది. కరోనా లాక్‌డౌన్ కాలంలో కుక్కలకు గిరాకీ పెరిగి, వాటితోపాటే దొంగతనాలూ పెరిగాయి. 2020లో సుమారు 2,000 కుక్కల దొంగతనాలు పోలీసుల దాకా వచ్చాయి. పెంపుడు జంతువును మామూలు వస్తువులాగా, ధరను బట్టి చూసే పద్ధతి సరికాదని వాదనలు జరిగి, 2024లో ఒక ప్రత్యేక చట్టం చేశారు. ఆ ఏడాది ఆగస్టు 24 నుంచి ఇంగ్లండులోనూ ఉత్తర ఐర్లండులోనూ కుక్కను గానీ పిల్లిని గానీ ఎత్తుకుపోతే ఐదేళ్ళ వరకు జైలు పడవచ్చు. దాని ధర ఎంతన్న ప్రశ్న అక్కడ రాదు. టేలర్ ముఠా ఏనాడో పసిగట్టిన సంగతి, కుక్క విలువ దాన్ని ప్రేమించేవాళ్ళ గుండెలో ఉంటుందన్న సంగతి, చట్టం దాకా చేరడానికి దాదాపు 180 ఏళ్ళు పట్టింది.

మన దగ్గర జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నారు. కోస్తాలో ఒక చిన్న పట్టణం. భార్య పోయాక ఆయనకు తోడు ఒక ముసలి పామరేనియన్. సాయంత్రం గేటు తీసి ఉండగా స్కూటర్ మీద వచ్చిన ఇద్దరు దాన్ని ఎత్తుకుపోయారు. ఆయన పోలీసు స్టేషన్‌కు వెళితే అక్కడి కుర్రవాడు మర్యాదగానే, “కుక్కే కదా బాబాయ్ గారూ, ఇంకోటి తెచ్చుకోండి” అన్నాడట. ఆ మాటకు ఆయన జవాబు చెప్పకుండా తిరిగి వచ్చారు. ఆ కుర్రవాడిని నేను తప్పుబట్టను. లోకమంతా అనే మాటే అతనూ అన్నాడు. ఆ మాట విన్న తర్వాత ఆయన తన బాధను ఎవరికీ చెప్పుకోవడం మానేశారు. వెతకడం కూడా చీకటి పడ్డాక, ఎవరూ చూడకుండా వెళ్ళేవారు. వెతకాల్సిన మనిషిని సిగ్గుపడేలా చేస్తే, ఆ మేరకు దొంగకే సాయం చేసినట్టు.

కుక్కే కదా అనేవాళ్ళు మన సాహిత్యం మొదలు కూడా ఒకసారి చూడాలి. పణులనేవాళ్ళు ఆవులను దొంగిలించి దాచేస్తే, వాటి ఆచూకీ తీయడానికి ఇంద్రుడు పంపింది సరమ అనే ఆడకుక్కను. ఋగ్వేదం పదో మండలంలో ఆ సంభాషణ ఉంది. పణులు ఆమెను చెల్లెలివై ఉండిపొమ్మన్నారు, ఆవుల్లో వాటా ఇస్తామన్నారు. ఆమె ఆ ఎర ముట్టలేదు. ఇక నన్నయగారి భారతం ఆదిపర్వం మొదట్లోనే, జనమేజయుడు యాగం చేస్తుంటే అతని తమ్ముళ్ళు సరమ బిడ్డను కారణం లేకుండా కొడతారు. ఆ తల్లి నేరుగా రాజు ముందుకు వచ్చి నిలదీస్తుంది. ఆమె మాట రాజు పెడచెవిన పెట్టలేదు. భయపడ్డాడు, శాంతి చేయించే పురోహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. తెలుగులో మనకు దొరికిన తొలి కావ్యంలో తొలి ఫిర్యాదుల్లో ఒకటి కుక్కది.

వెతకడం గురించి నాకు తెలిసినంత చెబుతాను. ఇది రేపు మీకో మీ పొరుగువాళ్ళకో అవసరపడవచ్చు.

ముందుగా, దొంగతనమే అని నిర్ధారణ చేసుకోవాలి. మెడలో బెల్టు లేని కుక్కను కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కోసం మున్సిపాలిటీ కుక్కల బండివాళ్ళు తీసుకువెళ్ళి ఉండవచ్చు. మొదటి ఫోను అక్కడికే చేయాలి. హైదరాబాదులాంటి చోట్ల బ్లూ క్రాస్ వంటి సంస్థల షెడ్లలోనూ చూడాలి. అక్కడ లేదంటే, సీసీ కెమెరాల వెంట పడాలి. దుకాణాల్లో చాలా కెమెరాలు పాత దృశ్యాలను చెరిపేసి కొత్తవి రాసుకుంటూ పోతాయి. కాబట్టి ఆలస్యం పనికిరాదు. ఇంటి ముందున్న కెమెరాతో ఆగకుండా, బండి ఏ వైపు మళ్ళిందో చూసి, ఆ మలుపులో మరో కెమెరా, అక్కడి నుంచి ఇంకో కెమెరా, అలా దారం పట్టుకుని పోవాలి.

కెమెరాల కంటే మన వీధుల్లో కళ్ళు ఎక్కువ. తెల్లవారుజామున పాలు వేసే అబ్బాయి, పేపరు అబ్బాయి, వీధులూడ్చే అమ్మలు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్, ఆటో స్టాండు వాళ్ళు, టిఫిన్ బండి ఆవిడ. వీళ్ళకు ప్రతి వీధిలో ప్రతి కుక్కా తెలుసు. కొత్త ఇంట్లో కొత్త కుక్క రాత్రంతా ఏడుస్తుంటే మొదట వినేది వీళ్ళే. కరపత్రం వాళ్ళ చేతిలో పెట్టి రెండు నిమిషాలు నిలబడి మాట్లాడితే, ఫోన్లలో వేల మందికి పంపినదాని కంటే ఎక్కువ పని జరుగుతుంది. నేను నమ్మి చెబుతున్న మాట ఇది.

కరపత్రంలో ఫొటో పెద్దదిగా, ఫోను నంబరు ఒక్కటే, దూరం నుంచి కనిపించేట్టు ఉండాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కైతే ఆ మాట పెద్ద అక్షరాల్లో వేయండి. జాతి కుక్కలను ఎత్తుకుపోయేది చాలావరకు పిల్లలను పుట్టించి అమ్ముకోవడానికే. ఆ ఉపయోగం లేదని తెలిస్తే చాలామంది వదిలించుకోవాలనే చూస్తారు. మందులు వాడుతున్న కుక్కైతే అది కూడా రాయండి. అయితే దాని ఒంటి మీది గుర్తుల్లో ఒకటి మాత్రం కరపత్రంలో వేయకండి. కడుపు మీద మచ్చో, విరిగిన పన్నో, అది మీ దగ్గరే ఉండాలి. ఫోను చేసి కుక్క మా దగ్గరుందన్నవాడిని అడగడానికి ఆ గుర్తే పనికొస్తుంది.

ఎందుకంటే ఫోన్లు వస్తాయి. నిజం ఫోన్ల కంటే మోసం ఫోన్లే ముందు వస్తాయి. ముందు కొంత డబ్బు పంపితే లొకేషన్ పెడతామంటారు. దుఃఖంలో ఉన్న మనిషికి అనుమానించే ఓపిక ఉండదు. వీడియో కాల్‌లో కుక్కను చూపించమనండి, మీ గొంతుతో దాని పేరు పిలవండి. దాని చెవులు చెబుతాయి. ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకండి.

డబ్బు ఇవ్వాలా, వద్దా? రాబర్టా, ఎలిజబెతా? నా మనసు ఎలిజబెత్ పక్షం. అలాంటి భయంతో ఒక్క రాత్రయినా గడపని మనిషి ఆమెకు చెప్పగలిగింది ఏమీ లేదు. అయితే రాబర్ట్ చెప్పిన రెండో సగం, ఆ తర్వాత దొంగల వెంట పడాలన్నది, వదిలేయకూడదు. కుక్క ఇంటికి వచ్చేసింది కదా అని చాలామంది ఫిర్యాదు ఊసెత్తరు. 2021 ఫిబ్రవరిలో హాలీవుడ్‌లో గాయని లేడీ గాగా కుక్కలను షికారు తిప్పుతున్న యువకుణ్ణి తుపాకీతో కాల్చి రెండు బుల్‌డాగ్‌లను ఎత్తుకుపోయారు. అతను చావుతప్పి బయటపడ్డాడు. ఏ ప్రశ్నలూ అడగను, ఐదు లక్షల డాలర్లు ఇస్తానని ఆమె ప్రకటించింది. కుక్కలు తిరిగి వచ్చాయి. తెచ్చిచ్చిన మహిళకు ఆ దొంగలతో సంబంధం ఉందని తేలింది. బహుమతి కోసం ఆమె కోర్టుకెక్కితే, 2023లో న్యాయమూర్తి ఆ దావా కొట్టేశారు. కాల్చినవాడికి 21 ఏళ్ళ శిక్ష పడింది. ఇంగ్లండులో అయితే ఏ ప్రశ్నలూ అడగమని బహుమతి ప్రకటన వేయడమే 1968 నాటి చట్టం ప్రకారం నేరం.

కాబట్టి స్టేషన్‌కు వెళ్ళండి, మళ్ళీ మళ్ళీ వెళ్ళండి. వ్యాక్సిన్ కార్డు, డాక్టరు బిల్లులు, ఆపరేషన్ కాగితం, మున్సిపాలిటీ లైసెన్సు ఉంటే అది, కుక్కతో మీరున్న ఫొటోలు, అన్నీ ఒక ఫైలులో పెట్టి తీసుకువెళ్ళండి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపే హక్కు చట్టం ఇచ్చింది. దేశీ కుక్కను పెంచుకున్నవాళ్ళు ఆ బిల్లులు మరింత జాగ్రత్తగా దాచుకోవాలి. దానికి ధర లేకపోయినా, దాని మీద మీరు పెట్టిన ఖర్చుకు లెక్క ఉంటుంది.

ఇంకొక్కటి. కుక్క మెడ వెనక చర్మం కింద అమర్చే మైక్రోచిప్ గురించి చాలామందికి అపోహ ఉంది. బియ్యపు గింజంత ఉండే ఆ చిప్, కుక్క ఎక్కడుందో చెప్పదు. అందులో బ్యాటరీ లేదు. రీడర్ దగ్గరగా పెట్టినప్పుడు మాత్రం 15 అంకెల నంబరు చూపిస్తుంది. ఆ నంబరు కింద మీ పేరూ ఫోనూ నమోదై ఉంటేనే ఫలితం. ఫోను నంబరు మార్చినప్పుడు అక్కడా మార్పించాలి. బెల్టు విప్పేయడం దొంగకు క్షణంలో పని, చిప్ తీయడం అంత తేలిక కాదు.

వెతుకుతున్నవాళ్ళతో ఒక మాట. చనిపోయిన కుక్కకైతే గుంత తీసి, పూలు వేసి, ఏడ్చి ఇంటికి వస్తాం. ఆచూకీ లేని కుక్కకు ఏమీ చేయలేం. అన్నం గిన్నె తీయాలో ఉంచాలో తెలియదు. నవ్వితే తప్పు చేసినట్టుంటుంది. అమెరికాలో పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు, యుద్ధంలో జాడ తెలియకుండాపోయిన సైనికుల కుటుంబాలతో పనిచేసి, ఇలా తేలకుండా మిగిలిపోయే దుఃఖం మామూలు దుఃఖం కంటే మనిషిని ఎందుకు ఎక్కువ నలుపుతుందో చూపించారు. మీకు నిద్ర పట్టకపోతే అది బలహీనత కాదు. వెతకడం ఒక్కరి మీద పెట్టకండి. ఇంట్లో, వీధిలో వంతులు వేసుకోండి. పెద్దవాళ్ళను చీకట్లో ఒంటరిగా తిరగనివ్వకండి, వాళ్ళ వెంట నడవండి.

కుక్కను కొనబోయేవాళ్ళతో చివరిగా మాట్లాడి ముగిస్తాను. దొంగకు డబ్బొచ్చేది చివరికి కొనేవాడి చేతి నుంచే. ఎదిగిన జాతి కుక్కను ఎవరైనా సగం ధరకు ఇస్తామంటే ఆగండి. పిల్లనైతే తల్లిని చూపించమని అడగండి. వ్యాక్సిన్ కార్డు మీద పేరు ఎవరిదో చూడండి. అప్పటికే ఏదో ఒక పేరుకు అది చెవులు రిక్కిస్తోందేమో గమనించండి. చిప్ రీడర్ ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి మెడ వెనక ఒకసారి చూపించండి. అక్కడ వేరొకరి నంబరు పలికితే, ఆ ఇంటికి ఫోను చేయండి.